మీకు తగిన వైద్యం కోసం ఏది ముందు: కుటుంబ చరిత్ర, మామూలు రక్తపరీక్ష, జన్యు పరీక్ష

తెలుగునాట ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు రోగిని అడిగే ప్రశ్నల్లో ఒకటి కొందరిని నొప్పిస్తుంది. ఆస్తమా ఉందా, కట్టుడు పళ్లున్నాయా, ఏ మందైనా పడదా అని అడిగిన తరువాత, "మీరు వైశ్యులా?" అని కూడా అడగడం చాలామంది మత్తు డాక్టర్లకు అలవాటు. ఆసుపత్రిలో కులం ప్రస్తావన ఎందుకని బంధువులు చిన్నబుచ్చుకుంటారు. అయితే ఆ ప్రశ్న ఒక మందు కోసం అడిగినది. శ్వాసగొట్టం వేయడానికి వీలుగా కండరాలను కొద్ది నిమిషాల పాటు సడలించే సక్సినైల్‌కోలిన్ అనే మందు ఉంది. ఆపరేషన్ థియేటర్లలో దీన్ని స్కోలిన్ అంటారు. రక్తంలో ఉండే సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైము దీన్ని త్వరగా విరగ్గొట్టివేయడం వల్ల దాని ప్రభావం పది నిమిషాల లోపే తగ్గిపోతుంది. పుట్టుకతోనే ఆ ఎంజైము బాగా తక్కువగా ఉన్నవారిలో మాత్రం ఊపిరి తీసే కండరాలు సైతం గంటల తరబడి కదలవు, అంతసేపూ రోగిని వెంటిలేటరు మీద ఉంచాల్సి వస్తుంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలూ అమెరికా పరిశోధకులూ కలిసి 2017లో ప్రచురించిన అధ్యయనం ఈ లోపాన్ని వైశ్య సముదాయంలో ఇతరులకన్నా సుమారు వంద రెట్లు ఎక్కువగా కనిపించేదిగా పేర్కొంది. తక్కువమంది పూర్వీకులతో మొదలైన సముదాయం తరతరాలుగా తనలో తానే పెళ్లిళ్లు చేసుకుంటూ రావడమే దీనికి కారణం.

ఒక మనిషికి తగినట్టుగా వైద్యాన్ని మలచడం అంటే ఏమిటో ఈ ఒక్క ఉదాహరణలోనే దాదాపు అంతా ఉంది. తెలుసుకునే మార్గాలు ఇక్కడ మూడున్నాయి. మొదటిది ప్రశ్న: ఏ సముదాయం, ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తరువాత ఊపిరి అందడం ఆలస్యమైందా? దీనికి ఖర్చు లేదు, కానీ గురి తక్కువ. వైశ్యుల్లో అత్యధికులకు ఈ లోపం ఉండదు, ఇతరుల్లో కొందరికి ఉంటుంది. రెండవది రక్తంలో ఆ ఎంజైము ఎంత ఉందో కొలిచే పరీక్ష. పురుగుమందు తాగినవారికి మన జిల్లా ఆసుపత్రుల్లో చేసేది కూడా ఈ ఎంజైము పరీక్షే, కాబట్టి ఇది అరుదైనదేమీ కాదు. మూడవది ఆ ఎంజైమును తయారుచేసే జన్యువును చదవడం. ఈ రెండు పరీక్షలూ చెప్పే సంగతులు ఒకటి కావు. ఎంజైము పరీక్ష ఈ రోజు మీ రక్తంలో ఎంత ఉందో చెబుతుంది. గర్భం, కాలేయ వ్యాధి, పొలంలో పురుగుమందు పిచికారీ కూడా దాన్ని తగ్గిస్తాయి. జన్యు పరీక్ష మీరు పుట్టుకతో తెచ్చుకున్నదేమిటో చెబుతుంది, అది మారదు. ఆపరేషన్ రేపే అయితే మత్తు డాక్టరుకు కావలసింది ఎంజైము పరీక్ష ఫలితం. తక్కువగా ఉందని తెలిస్తే ఆయన రోక్యురోనియం వంటి వేరే మందు వాడుతారు. ఆ లోపం పుట్టుకతో వచ్చినదేనా అని రోగి తోబుట్టువులకు తెలియాలంటే జన్యు పరీక్ష ఫలితం కావాలి.

ఈ వ్యాసంలో నేను పోల్చబోయేది ఇటువంటి మార్గాలనే. ఉమ్మి నమూనా పంపితే చాలు, ఏ మందు పడుతుందో, ఏ జబ్బు వస్తుందో చెబుతామనే ప్రకటనలు ఇప్పుడు మధ్యతరగతి ఇళ్ల దాకా వచ్చాయి. ఇంకోవైపు జన్యు పరీక్ష నిజంగా అవసరమైనవారిలో చాలామందికి ఆ మాట చెప్పేవారే ఉండరు. ఎంపికకు నేను వాడే కొలబద్ద ఒక్కటే. పరీక్ష చేయించుకునే ముందు డాక్టరును ఇలా అడగాలి: "ఫలితం ఇలా వస్తే మీరు ఏం మారుస్తారు? అలా వస్తే ఏం మారుస్తారు?" రెండింటికీ ఒకే జవాబు వస్తే ఆ డబ్బు ఖర్చు పెట్టనక్కరలేదు.

కాగితం, పెన్సిలు: కుటుంబ ఆరోగ్య చరిత్ర

మగవారికి చదరం, ఆడవారికి సున్నా, మరణించినవారి మీద అడ్డగీత. ఈ గుర్తులతో మూడు తరాల పటం గీయడానికి ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు. కష్టమల్లా మన ఇళ్లలో జబ్బుల గురించి మాట్లాడుకునే భాషతోనే. మా అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని నేను మొదటిసారి ఈ పటం గీసినప్పుడు ఆమె చెప్పిన మాటలు ఇవి: పెద్దనాన్న "నిద్రలోనే హాయిగా పోయాడు", మేనత్త "కడుపులో గడ్డతో తీసుకుని తీసుకుని పోయింది", తాతయ్య "మంచాన పడ్డాడు". ఈ మూడింటిలో ఏదీ డాక్టరుకు ఉపయోగపడదు. నిద్రలో పోయినప్పుడు పెద్దనాన్న వయసెంత అని అడిగితే, ఎప్పుడూ లెక్క వేయని అమ్మ, అప్పుడు తన పెద్దకొడుకు ఏ తరగతిలో ఉన్నాడో గుర్తు చేసుకుని, నలభై నాలుగో నలభై అయిదో అన్నది. డెబ్బై అయిదులో నిద్రలో పోవడం వేరు, నలభై నాలుగులో పోవడం వేరు. రెండవది గుండెపోటో, గుండె కండరపు వ్యాధో, లయ తప్పడమో అయి ఉండవచ్చు. మేనత్త గడ్డ అండాశయానిదా, గర్భసంచిదా, పేగుదా అన్నది పాత ఆసుపత్రి చీటీ దొరికితే తప్ప తేలలేదు. పెట్టెలో అడుగున దొరికింది: అండాశయం.

ఈ పటంలో వెతకవలసినవి కొన్నే. తండ్రికిగానీ సోదరుడికిగానీ 55 ఏళ్లలోపు, తల్లికిగానీ సోదరికిగానీ 65 ఏళ్లలోపు గుండెజబ్బు వచ్చిందా? 50 ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్, ఏ వయసులోనైనా అండాశయ క్యాన్సర్, మగవారిలో రొమ్ము క్యాన్సర్ ఉన్నాయా? పెద్దపేగు క్యాన్సర్ ఎవరికైనా వచ్చిందా? అలా వచ్చిన దగ్గరి బంధువు ఉంటే సాధారణంగా 40 ఏళ్లకు, లేదా ఆ బంధువుకు జబ్బు తేలిన వయసుకు పదేళ్లు ముందు, ఏది ముందయితే అప్పుడు కొలనోస్కోపీ (పెద్దపేగు లోపల కెమెరాతో చూసే పరీక్ష) మొదలుపెట్టమంటారు. చూడండి, ఇక్కడ పరీక్ష ఖర్చు సున్నా, కానీ ఒక మనిషికి మాత్రమే వర్తించే తేదీ ఒకటి తేలింది.

మన ప్రాంతంలో ఈ పటానికి ఇంకో ఉపయోగం ఉంది. మేనరికాలు, మేనమామ పెళ్లిళ్లు ఉన్న కుటుంబాల్లో పటంలోని గీతలు వెనక్కి తిరిగి కలుసుకుంటాయి. ఒక పూర్వీకుడి నుంచి వచ్చిన ఒకే జన్యువు నకళ్లు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండూ బిడ్డకు చేరే అవకాశం మేనమామ, మేనకోడళ్ల సంతానంలో ఎనిమిదింట ఒకటి, మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లయితే పదహారింట ఒకటి. అటువంటి కుటుంబంలో చిన్నతనంలోనే పోయిన పిల్లలను కూడా పటంలో తప్పకుండా చూపాలి. పెద్దవాళ్లు వారిని లెక్కలోకి తీసుకోరు. జన్యు నిపుణుడు మొదట చూసేది వారినే.

ఈ మార్గానికి పరిమితి స్పష్టమే. చిన్న కుటుంబం, దత్తత, తొందరగా పోయిన తల్లిదండ్రులు, జబ్బు దాచిపెట్టే అలవాటు ఉన్నచోట పటం ఖాళీగా ఉంటుంది, ఖాళీ పటం ఆరోగ్యానికి రుజువు కాదు.

మామూలు కొలతలు, మామూలు రక్తపరీక్షలు

వ్యక్తికి తగిన వైద్యం అనగానే జన్యువులే గుర్తుకురావడం వల్ల ఈ రెండవ మార్గానికి దక్కవలసిన గౌరవం దక్కడం లేదు. షుగరు విషయమే తీసుకుందాం. చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ రూపొందించిన భారతీయ మధుమేహ ముప్పు అంచనా పట్టికలో నాలుగే అంశాలున్నాయి: వయసు, నడుము చుట్టుకొలత, శారీరక శ్రమ, తల్లిదండ్రుల్లో షుగరు. మొత్తం 100 మార్కులకు 60 లేదా ఆపైన వస్తే ముప్పు ఎక్కువ. దీనికి సూది కూడా అవసరం లేదు, దర్జీ దగ్గర ఉండే టేపు చాలు. మనవాళ్లకు బరువు హద్దులు కూడా పాశ్చాత్యులవి కావు. శరీర బరువు సూచిక (బీఎంఐ) 23 దాటితే అధిక బరువుగా, నడుము మగవారిలో 90, ఆడవారిలో 80 సెంటీమీటర్లు దాటితే ముప్పుగా భారతీయ వైద్యులు పరిగణిస్తారు.

ముప్పు తెలిస్తే మారేది ఏమిటి? దానికి జవాబు మన దగ్గరే ఉంది. 2006లో వెలువడిన భారతీయ మధుమేహ నివారణ అధ్యయనంలో, షుగరు జబ్బు హద్దు దగ్గరకు వచ్చినా ఇంకా జబ్బు రాని 531 మందిని నాలుగు జట్లుగా మూడేళ్లు గమనించారు. ఏ చికిత్సా లేని జట్టులో 55 శాతం మందికి షుగరు వచ్చింది; నడక, ఆహార నియమం పాటించిన జట్టులో 39 శాతం మందికి, మెట్‌ఫార్మిన్ వాడిన జట్టులో 40 శాతం మందికి వచ్చింది. రెండూ కలిపినా అదనపు ప్రయోజనం కనిపించలేదు. అంటే నడవగలిగినవారు నడవవచ్చు, మోకాళ్ల నొప్పితో నడవలేనివారు తమ డాక్టరుతో మాత్ర గురించి మాట్లాడవచ్చు. ఎంపిక ఇక్కడ జన్యువుల మీద కాదు, ఆ మనిషి బతుకు తీరు మీద ఆధారపడింది.

షుగరు వచ్చిన తరువాత కూడా అంతే. పిల్లలు అమెరికాలో ఉండి, పల్లెలో ఒంటరిగా ఉంటున్న 74 ఏళ్ల తల్లికి గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్ర ప్రమాదకరం. రాత్రి అన్నం సరిగా తినకుండా పడుకున్న రోజున చక్కెర పడిపోతే లేపేవారు ఉండరు. ఆమెకు చక్కెర మూడు నెలల సగటు (హెచ్‌బీఏ1సీ) 8 లోపు ఉంటే చాలునని, చక్కెరను పడగొట్టని మందు మేలని చాలామంది నిపుణులు అంటారు. అదే జబ్బుతో గుండె బలహీనపడిన, లేదా మూత్రంలో ప్రొటీన్ పోతున్న 52 ఏళ్ల వ్యక్తికి ఎంపాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్ వంటి మందులు చక్కెరతో పాటు గుండెనూ కిడ్నీనీ కాపాడుతాయి కాబట్టి అవి ముందు వరసలోకి వస్తాయి. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతున్న శాకాహారికి అరికాళ్లు తిమ్మిరెక్కుతుంటే, అది షుగరు వల్లనేనని అనుకునే ముందు బి12 చూడాలి. ఇవన్నీ వ్యక్తికి తగ్గ వైద్యమే. దీనికి కావలసింది రోగి వంటిల్లూ, ఒంటరితనమూ తెలిసిన డాక్టరు.

మామూలు పరీక్ష జన్యు పరీక్షను మించిపోయిన సందర్భం కూడా ఉంది. గుండెకు కృత్రిమ కవాటం వేసినవారు రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ మోతాదు మనిషికి మనిషికి ఎంతో తేడాగా ఉంటుంది, ఆ తేడాలో కొంత జన్యువుల వల్లనేనని తెలుసు. అయినా 2013లో అమెరికాలో వెయ్యిమందికి పైగా రోగుల మీద జరిగిన పరీక్షలో, జన్యువులు చూసి మోతాదు నిర్ణయించడం వల్ల మొదటి నెలలో ఏ మేలూ కలగలేదు. అదే ఏడాది ఐరోపాలో జరిగిన పరీక్షలో కొంత మేలు కనబడింది. క్రమం తప్పకుండా పీటీ-ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చూసే పరీక్ష) చూసి మోతాదు సరిచేసేవారికి జన్యు పరీక్ష కలిపేది స్వల్పమన్నది నా అభిప్రాయం. ప్రభావాన్ని నేరుగా, చవకగా, వెంటనే కొలవగలిగినచోట కారణాన్ని వెతకడం రెండో పని.

ఒక మందు, ఒక ప్రశ్న, ఒక జన్యువు

జన్యు పరీక్షలలో నేను గట్టిగా సమర్థించేది ఇదే రకాన్ని. ప్రశ్న ఇరుకుగా ఉంటుంది, జవాబు పనికివస్తుంది.

గుండెకు స్టెంటు వేసిన తరువాత ఇచ్చే క్లోపిడోగ్రెల్ మాత్ర కడుపులోకి వెళ్లినప్పుడు ఇంకా మందు కాదు. కాలేయంలో సీవైపీ2సీ19 అనే ఎంజైము దాన్ని మందుగా మార్చాలి. ఆ ఎంజైము పనిచేయనివారిలో మాత్ర మింగినా రక్తం గడ్డకట్టకుండా ఉండే రక్షణ సరిగా అందదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2010లోనే ఈ మందు పెట్టె మీద ఆ హెచ్చరికను చేర్పించింది. భారతీయుల్లో ఈ జన్యుమార్పు అరుదు కాదు. అలాగని స్టెంటు వేసిన ప్రతి ఒక్కరూ పరీక్షకు పరుగెత్తాలా? మీ డాక్టరు ఇప్పటికే దానికి బదులు టికాగ్రెలార్ అనే మందు ఇస్తుంటే ఈ పరీక్ష ఫలితం మార్చేదేమీ లేదు, ఎందుకంటే ఆ మందుకు ఈ ఎంజైముతో పని లేదు. టికాగ్రెలార్‌తో ఆయాసం వస్తున్నా, రోజుకు రెండుసార్లు వేసుకోవడం కుదరకపోయినా, రక్తస్రావం భయం ఉన్నా, ఖర్చు భారమై క్లోపిడోగ్రెల్‌కు మారాలనుకుంటున్నా అప్పుడు పరీక్షకు విలువ వస్తుంది. ఐరోపాలో జరిగి 2019లో వెలువడిన ఒక అధ్యయనం సరిగ్గా ఈ పద్ధతినే పరీక్షించింది: జన్యువు బాగున్నవారిని క్లోపిడోగ్రెల్‌కు మార్చినా గుండె రక్షణ తగ్గలేదు, రక్తస్రావాలు తగ్గాయి.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. మెడికల్ షాపులో సొంతంగా కొనుక్కుని వేసుకునే గ్యాస్ మాత్రల్లో ఒమెప్రజోల్, ఎసొమెప్రజోల్ ఇదే ఎంజైమును అడ్డుకుంటాయి. మంచి జన్యువుతో పుట్టినవారు కూడా ఆ మాత్రతో తమ క్లోపిడోగ్రెల్‌ను తామే బలహీనం చేసుకుంటారు. వేలు ఖర్చుపెట్టి జన్యువు చూపించుకునే ముందు, పొద్దున పరగడుపున వేసుకునే ఆ మాత్ర పట్టీని డాక్టరుకు చూపించండి. పాంటోప్రజోల్‌కు మార్చడం ఒక నిమిషం పని.

మూర్ఛకూ, ముఖంలో కరెంటు షాక్‌లా వచ్చే నరాల నొప్పికీ వాడే కార్బమజెపిన్ విషయంలో ప్రశ్న ఇంకోరకం. అది పనిచేస్తుందా అన్నది కాదు, చర్మాన్ని ఊడగొడుతుందా అన్నది. హెచ్‌ఎల్‌ఏ-బి 15:02 అనే జన్యు రకం ఉన్నవారిలో స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ అనే, నోరూ కళ్లూ చర్మమూ పుండ్లు పడి ప్రాణం మీదకు తెచ్చే ప్రతిచర్య ముప్పు చాలా ఎక్కువని 2004లో తైవాన్ పరిశోధకులు కనుగొన్నారు. ఆసియా మూలాలు ఉన్నవారికి మందు మొదలుపెట్టే ముందు ఈ పరీక్ష చేయాలని 2007 నుంచి అమెరికాలో సూచిస్తున్నారు, కాబట్టి అక్కడ ఉంటున్న తెలుగువారిని డాక్టరు ఈ సంగతి అడిగితే ఆశ్చర్యపోనక్కరలేదు. పరీక్షకు కాలం ముఖ్యం: ప్రతిచర్య దాదాపుగా మొదటి రెండు మూడు నెలల్లోనే వస్తుంది కాబట్టి, ఏళ్లుగా ఈ మందును ఇబ్బంది లేకుండా వాడుతున్నవారికి ఇప్పుడు పరీక్షతో ప్రయోజనం లేదు. మొదలుపెట్టబోయేవారికే ఉంది. పరీక్ష కుదరనప్పుడు వేరే మందు ఎంచుకోవడమూ ఒక మార్గమే.

పెద్దపేగు పూత (అల్సరేటివ్ కొలైటిస్), లూపస్ జబ్బుల్లోనూ కిడ్నీ మార్పిడి తరువాతా వాడే అజాథయోప్రిన్ ఉదాహరణ మనకు ఇంకో పాఠం నేర్పుతుంది. ఈ మందుతో కొందరికి తెల్లరక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి, జుట్టు కుచ్చులుగా ఊడుతుంది. పాశ్చాత్య దేశాల్లో దీనికి ముందుగా చూసేది టీపీఎంటీ అనే జన్యువును. భారతీయుల్లోనూ తూర్పు ఆసియావారిలోనూ అంతకన్నా ముఖ్యమైనది నుడ్‌ట్15 అని తరువాత తేలింది. పాత పద్ధతి ప్రకారం మొదటిది మాత్రమే చూసి "నార్మల్" అని ఇచ్చిన రిపోర్టు మన రోగికి తప్పుడు ధైర్యాన్ని ఇస్తుంది. కాబట్టి పరీక్ష చేయించుకునేటప్పుడు రెండూ ఉన్నాయా అని అడగండి. రెండూ బాగున్నా మొదటి వారాల్లో రక్తకణాల లెక్క చూడటం మానకూడదు.

ఇక ఏజెన్సీ ప్రాంతాల్లో వైవాక్స్ మలేరియాకు 14 రోజులు ఇచ్చే ప్రైమాక్విన్. జీ6పీడీ ఎంజైము లోపం ఉన్నవారిలో ఇది ఎర్రరక్తకణాలను పగలగొడుతుంది; మూత్రం డికాషన్ రంగుకు మారుతుంది, కళ్లు పచ్చబడతాయి. దీనికి జన్యువు చదవనక్కరలేదు, కొద్దిపాటి ఖర్చుతో రక్తంలో ఎంజైమును చూస్తే చాలు. లోపం ఉన్నవారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించేది వైద్య పర్యవేక్షణలో వారానికి ఒక మోతాదు చొప్పున ఎనిమిది వారాలు. ఒక జాగ్రత్త ఉంది: కణాలు పగిలిన వెంటనే చేసిన పరీక్ష బాగానే ఉన్నట్టు చూపవచ్చు, ఎందుకంటే అప్పుడు రక్తంలో మిగిలేవి ఎంజైము ఎక్కువగా ఉన్న కొత్త కణాలు.

క్యాన్సర్‌లో జన్యు పరీక్ష ఇప్పుడు విలాసం కాదు. అయితే రెండు పరీక్షలను కలగాపులగం చేసుకోవద్దు. గడ్డ ముక్క మీద చేసేది ఆ గడ్డ జన్యువుల పరీక్ష. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఈజీఎఫ్ఆర్ మార్పు కనబడితే కీమో బదులు మాత్రతో మొదలుపెట్టవచ్చు, రొమ్ము క్యాన్సర్‌లో హెర్2 ప్రొటీన్ ఎక్కువగా ఉంటే ట్రాస్టుజుమాబ్ అనే మందు పనికివస్తుంది. ఇవి పిల్లలకు సంక్రమించేవి కావు. రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే జన్యుమార్పుల కోసం రక్తం మీద చేసే బీఆర్‌సీఏ వంటి పరీక్ష పుట్టుకతో వచ్చినదాన్ని చూస్తుంది. అది కుటుంబమంతటికీ సంబంధించినది. మా మేనత్త చీటీలో "అండాశయం" అని చదివిన తరువాత, ఆ వైపు ఆడపిల్లల్లో ఎవరు ముందు పరీక్ష చేయించుకోవాలన్న చర్చ మా ఇంట్లో మొదలైంది. ఇటువంటప్పుడు క్యాన్సర్ వచ్చి బతికి ఉన్న బంధువు ఉంటే ముందు వారికే చేయాలి. వారిలో ఏ మార్పు ఉందో తెలిసినప్పుడే ఇతరుల "లేదు" అన్న ఫలితానికి అర్థం ఉంటుంది. మార్పు ఉన్నవారి ముందున్న దారులు తేలికైనవి కావు: 25 ఏళ్ల నుంచి ఏటా రొమ్ము ఎంఆర్ఐ, లేదా రొమ్ముల తొలగింపు, బీఆర్‌సీఏ1 అయితే 35 నుంచి 40 ఏళ్ల మధ్య, బీఆర్‌సీఏ2 అయితే 40 నుంచి 45 మధ్య అండాశయాల తొలగింపు. పెళ్లి, పిల్లలు అన్నీ ఈ వయసులతో ముడిపడినవే కాబట్టి, రక్తం ఇవ్వడానికి ముందే జన్యు సలహాదారుతో కూర్చోవడం తప్పనిసరి అని నేను నమ్ముతాను.

అన్నీ ఒకేసారి చూసే కిట్టు

ఒకే నమూనాతో వందలాది జబ్బుల ముప్పు, పదుల కొద్దీ మందుల స్పందన చెబుతామనే పరీక్షల్లో రెండు వేర్వేరు సరుకులు కలిసి ఉంటాయి. మందుల భాగానికి ఆధారం ఉంది. ఐరోపాలోని ఏడు దేశాల్లో దాదాపు ఏడు వేలమంది మీద జరిగి 2023లో వెలువడిన అధ్యయనంలో, 12 జన్యువులు ముందుగా చూసి మందులు ఇచ్చినప్పుడు ముఖ్యమైన దుష్ప్రభావాలు సుమారు 30 శాతం తగ్గాయి. అనేక జబ్బులకు అనేక మందులు వాడుతున్న, ఇప్పటికే రెండు మూడు మందులు పడక ఇబ్బందిపడిన పెద్దవారికి ఇటువంటి ప్యానెల్ (అనేక జన్యువులను ఒకేసారి చూసే పరీక్ష) ఆలోచించదగినదే, వారి డాక్టరు దాన్ని చదవగలిగితే.

జబ్బుల ముప్పు భాగం మీద మాత్రం నాకు నమ్మకం తక్కువ. షుగరు, గుండెజబ్బు వంటివి వందలాది జన్యువుల చిన్న చిన్న ప్రభావాలతో వస్తాయి. వాటిని కూడి వేసే మార్కులు ఎక్కువగా ఐరోపా మూలాలవారి సమాచారం మీద తయారయ్యాయి, మనకు అవి అంతే గురిగా పనిచేయవు. పదివేలమంది భారతీయుల జన్యుసమాచారంతో జీనోమ్ ఇండియా కార్యక్రమం సిద్ధం చేసిన నిధి 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది, దానితో ఈ లోటు క్రమంగా తీరుతుంది. ఈ లోపు మన రిపోర్టుల్లో "అర్థం తెలియని మార్పు" అనే వర్గం ఎక్కువగా కనిపిస్తుంది. అది జబ్బు కాదు, ఆరోగ్యమూ కాదు. దాని ఆధారంగా ఆపరేషన్ చేయించుకోకూడదు. నేరుగా వినియోగదారుకు అమ్మే పరీక్షల ముడి సమాచారంలో కనిపించిన మార్పులను వైద్య ప్రయోగశాలలో తిరిగి చూసినప్పుడు, 2018లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశీలనలో 40 శాతం తప్పని తేలాయి. అందువల్ల కిట్టులో భయపెట్టే ఫలితం వస్తే మొదటి పని మందు మానడమో మొదలుపెట్టడమో కాదు, వైద్య ప్రయోగశాలలో దాన్ని నిర్ధారించుకోవడం.

మనకే ప్రత్యేకమైన ఒక ఉదాహరణ కూడా చూద్దాం. గుండె కండరపు ప్రొటీన్ జన్యువులో 25 డీఎన్‌ఏ అక్షరాలు ఊడిపోయి, గుండె కండరపు వ్యాధి ముప్పును పెంచే మార్పు దక్షిణాసియావారిలో సుమారు 4 శాతం మందిలో ఉందని సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న బృందం 2009లో వెల్లడించింది. అది ఉన్నవారిలో అనేకులకు గుండె బాగానే ఉంటుంది. రిపోర్టులో ఇది కనబడితే చేయగలిగింది ఏమిటి? ఎకో తీయించుకోవడం, బీపీ అదుపులో ఉంచుకోవడం. చిన్నవయసులో నిద్రలో పోయిన పెద్దనాన్న ఉన్న ఇంట్లో, ఆ ఎకో జన్యు రిపోర్టు కోసం ఆగనక్కరలేదు. పటం గీసిన మర్నాడే తీయించవచ్చు. నేను అదే చేశాను.

కారణం తెలియని జబ్బుతో పిల్లవాడు ఏళ్లుగా ఆసుపత్రులు తిరుగుతున్నప్పుడు మాత్రం జన్యువులన్నింటినీ చదివే పరీక్షే తిన్నని దారి కావచ్చు. హైదరాబాద్‌లో సీసీఎంబీ, డీఎన్‌ఏ పరీక్షల కేంద్రమైన సీడీఎఫ్‌డీ, ఉస్మానియా విశ్వవిద్యాలయపు జెనెటిక్స్ ఇన్‌స్టిట్యూట్ వంటి ప్రభుత్వ సంస్థలు ఇటువంటి రంగంలో పనిచేస్తున్నాయి.

ఎవరికి ఏది

జబ్బేమీ లేని ముప్పై, నలభై ఏళ్ల వ్యక్తి ముందుగా పటం గీసి, నడుము కొలిచి, బీపీ, చక్కెర, కొలెస్ట్రాల్ చూపించుకోవాలి. ఇంట్లో చిన్నవయసు గుండెపోటు ఉంటే లైపోప్రొటీన్-ఎ అనే పరీక్షను జీవితంలో ఒక్కసారి చేర్చుకోవచ్చు. అది ఎక్కువగా జన్యువులతో నిర్ణయమయ్యేదే అయినా జన్యు పరీక్ష కన్నా ఎంతో చవక. చెడు కొలెస్ట్రాల్ 190 దాటితే అది తిండి వల్లనేనని సరిపెట్టుకోకుండా తోబుట్టువులకూ పిల్లలకూ చూపించాలి. పెళ్లి కుదిరినవారు, ముఖ్యంగా మేనరికం అయితే, పెద్ద ప్యానెల్ కన్నా ముందు తలసీమియా, సికిల్‌సెల్ వాహకులు (తమకు జబ్బు లేకున్నా ఆ జన్యువును పిల్లలకు అందించగలవారు) అవునో కాదో తేల్చే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవాలి. సికిల్‌సెల్ నిర్మూలనకు 2023 జులైలో మొదలైన జాతీయ కార్యక్రమం గిరిజన ప్రాంతాల్లో సికిల్‌సెల్ పరీక్షను 40 ఏళ్లలోపువారికి ఉచితంగా చేస్తోంది. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. నిర్దిష్టమైన మందు మొదలుపెట్టబోయేవారు ఆ మందుకు సంబంధించిన ఒక్క పరీక్షే అడగాలి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు, పెద్దయ్యాక మాత్రమే వచ్చే జబ్బుల పరీక్ష చేయించకపోవడం మంచిది. అది తెలుసుకోవాలా వద్దా అన్న హక్కు వారిది.

ప్రయోగశాలను ఎంచుకునేటప్పుడు ఎన్‌ఏబీఎల్ (ప్రయోగశాలల నాణ్యతను పరిశీలించే జాతీయ మండలి) గుర్తింపు ఆ ప్రత్యేక పరీక్షకు ఉందో లేదో చూడాలి, సంస్థకు మొత్తంగా ఉందన్నది చాలదు. ఫలితంతో పాటు జన్యు సలహాదారుతో మాట్లాడే అవకాశం ధరలో ఉందా, నమూనా ఎంతకాలం దాస్తారు, సమాచారాన్ని ఇతరులకు ఇస్తారా అన్నవి సంతకానికి ముందే రాతపూర్వకంగా అడగాలి. మన దేశంలో జన్యు వివరాల ఆధారంగా చూపే వివక్షను నిషేధించే ప్రత్యేక చట్టం లేదు కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

చివరగా, ఏ మార్గంలో తెలిసిన సంగతైనా రాసి ఉండాలి. ఎంజైము లోపం తేలిన వ్యక్తి తన ఆధార్ కార్డు పక్కనే "స్కోలిన్ ఇవ్వరాదు, సూడోకోలినెస్టరేజ్ తక్కువ" అని డాక్టరు సంతకంతో ఉన్న కాగితాన్ని ఇంగ్లీషులోనూ తెలుగులోనూ ఉంచుకోవాలి. రోడ్డు ప్రమాదంలో స్పృహ లేకుండా ఆసుపత్రికి చేరిన రోజున ఎవరూ ఆయనను ఏ ప్రశ్నా అడగలేరు. ఒకే తల్లిదండ్రుల పిల్లల్లో అదే లోపం ఉండే అవకాశం నాలుగింట ఒకటి కాబట్టి, ఆ కాగితం నకలును అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ అదే వారంలో పంపి, ఏ ఆపరేషన్‌కైనా ముందు తామూ ఆ ఎంజైము రక్తపరీక్ష చేయించుకోమని చెప్పాలి.